సుబేదారు కొట్టేసిన పేరు

నాగావళి ఏటికి అవతల దిబ్బలపాలెం అనే ఊళ్లో, సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చిన తవిటినాయుడు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, ఎదుటివాడి మాట సగం వినగానే తీర్పు చెప్పేసేవాడు.

ఆ ఊళ్లో ఇంటికొక ఫౌజీ, అంటే సైనికుడు. నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే రిటైరైనవాళ్లంతా మాజీ సైనికుల సంఘం గది ముందు వరసగా నిలబడేవారు. సంఘం పెద్దగా సుబేదారు పుస్తకం తీసి పేర్లు పిలిచేవాడు. పిలిచినవాడు "హాజర్" అనాలి. ఒంట్లో బాగోలేక రానివాడి తరఫున పక్కవాడు "సెలవు" అనేవాడు. ఎవరైనా కన్నుమూస్తే ఏడాదిపాటు ఆ పేరు పిలుస్తూనే ఉండేవారు. అప్పుడు అందరూ ఒక్క గొంతుతో "హాజర్" అనేవారు. చచ్చిపోయినవాడికి కూడా ఆ వరసలో చోటుండేది.

సుబేదారుకి ప్రాణస్నేహితుడు, సైన్యంలో నాయక్ హోదాలో చేసిన అసిరయ్య. ఇద్దరూ మంచుకొండల మీద ఒకే బంకరులో రెండు చలికాలాలు గడిపారు. ఆ రోజుల్లో అసిరయ్య నోరు తెరిస్తే నవ్వులే. లంగరులో, అంటే సైన్యం వంటశాలలో, వంటవాడు రొట్టెలు కాలుస్తూ తిట్టే తిట్లు అచ్చం వాడి గొంతుతోనే తిట్టి చూపించేవాడు. ఒకరోజు పక్కనే ఫిరంగి షెల్లు పడింది. అసిరయ్య బతికాడు, అతనికి అటూ ఇటూ ఉన్న జవాన్లిద్దరూ పోయారు.

తర్వాత అసిరయ్య ఊరికి వచ్చాడు గాని, అతని నవ్వు రాలేదు. కుక్కరు విజిలేస్తే గోడకి అంటుకుపోయేవాడు. ఎనిమిదేళ్లుగా కంటి నిండా నిద్ర లేదు. క్యాంటీన్ రమ్ము తాగితే ఇంకా ఎక్కువ ఉలిక్కిపడేవాడు. సుబేదారు రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"బావా, ఒక్కసారి ఆ వంటోడిలా తిట్టు. ఇందామనుంది" అని బతిమాలేవాడు.

అసిరయ్య వీధివైపు చూస్తూ ఉండిపోయేవాడు.

ఒక శ్రావణ మాసంలో సుబేదారు గుమ్మం ఎక్కబోయి ఆగిపోయాడు. లోపల ఆ వంటవాడే ఉన్నట్టుంది. "పాలు కావాలేటి దొరగారికి? నీ తాత ఇక్కడ గేదెని కట్టాడా?" అని అసిరయ్య పిల్లిని తిడుతున్నాడు. అతని భార్య సూరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. సుబేదారు కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాడు.

"ఏటి బావా! ఏ దేవుడు కరుణించాడు?"

"దేవుడు కాదు, పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ. మందు మొదలెట్టి నెల్లాళ్లయింది. గట్టిగా కుదిరాకే నీకు చెబుదామని ఊరుకున్నాను. పడుకుంటే తెల్లారే లేస్తన్నాను" అంటూ అసిరయ్య చిన్న మందు సీసా చేతికిచ్చాడు.

సీసా మీద ఆకు బొమ్మ ఉంది. ఆ ఆకు సుబేదారుకి బాగా తెలుసు. గంజాయి వద్దంటూ ఊళ్లో తీసిన ఊరేగింపులో అదే బొమ్మ మీద ఎర్రగా కొట్టేసిన అట్టని పట్టుకుని ముందు నడిచింది అతనే.

"ఇది గంజాయి!"

"ఆ చెట్టు ఆకుతోనే చేస్తారట బావా. ఆయుర్వేదంలో విజయ అంటారట. డాక్టరు చీటీ ఉంది, పూటకి ఇన్ని చుక్కలని..."

"చీటీ ఉంటే గంజాయి తులసి అయిపోద్దా?"

"ఒక్క మాట ఇను బావా."

సుబేదారు వినలేదు. నెల మొదటి ఆదివారం రాగానే పుస్తకంలో అసిరయ్య పేరు మీద ఎర్ర సిరా గీత పడింది. అసిరయ్య వరసలోనే నిలబడి ఉన్నాడు. అతని ముందు పేరు పిలిచారు, వెనక పేరు పిలిచారు. అతను వరసలోంచి బయటికొచ్చి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం సంఘం గదిలో గ్లాసులు నిండుతుండగా సూరమ్మ గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, ఒకటి అడుగుతాను. రమ్ము సీసా చంకలో పెట్టుకొస్తే ఫౌజీ అంటారు. డాక్టరు చెప్పిన చుక్కలేసుకుంటే గంజాయోడు అంటారు. ఇదేం నాయం?"

"నీకు తెలీదు చెల్లెమ్మా. ఇది సంఘం పరువు."

"నాకు తెలీదా? ఆ మనిషి కేకలకి ఎనిమిదేళ్లు ఉలిక్కిపడి లేచింది నేను. మీ పరువు ఒక్కసారైనా వచ్చి మా గుమ్మంలో కాపలా కాసిందా?"

ఒకడు గ్లాసు వెనక దాచుకున్నాడు. అయినా గీత చెరగలేదు.

అసిరయ్యకి ఆ వరస లేకుండా బతకడం చేతకాలేదు. నాలుగో రోజున సుబేదారు చూస్తుండగానే సీసాని కాలవలోకి విసిరేశాడు. తర్వాతి నెలలో అతని పేరు పిలిచారు. "హాజర్" అన్నాడు. ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. సుబేదారు మాత్రం తనే గెలిచాననుకున్నాడు.

మాఘమాసంలో ఊళ్లో పెళ్లి ఊరేగింపు వచ్చింది. పట్టపగలు, అసిరయ్య గుమ్మం ముందే బాణసంచా పేలింది. "డౌన్! డౌన్!" అని అరుస్తూ అతను సూరమ్మని నేలకి పడేసి, ఆమెని కాచుకుంటూ మీద పడ్డాడు. ఆమె మణికట్టు విరిగింది. తెలివొచ్చాక అసిరయ్య ఆ చెయ్యి చూసి, సంచీ సర్దుకుని ఇల్లు విడిచిపోయాడు.

ఆదివారం వచ్చింది. సుబేదారు "నాయక్ అసిరయ్య" అని పిలిచాడు. జవాబు లేదు. సెలవు అనడానికి జబ్బు కాదు. అందరూ కలిసి పలకడానికి చావు కాదు. సుబేదారు మరోసారి పిలిచాడు. మిగతా పేర్లు పిలవకుండానే పుస్తకం మూసేశాడు.

మర్నాడే బస్సెక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు.

"మందు ఉన్నపళంగా ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది ఆమె.

"నేనే."

"ఇది అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. కొందరికి పడదు. ఇంకా తేలాల్సింది చాలా ఉంది. అందుకే కొలిచి, కనిపెట్టి చూస్తూ ఇస్తాం. ఆయనకి మాత్రం నిద్ర పట్టింది. వీధిలో దొంగతనంగా అమ్మేదానికీ దీనికీ తేడా ఏమిటో ఒక్కసారి వచ్చి అడిగుంటే చెప్పేదాన్ని కదండీ?"

సుబేదారు ఆసుపత్రి నుంచి నేరుగా అసిరయ్యని వెతకడానికి బయల్దేరాడు.

వెతగ్గా వెతగ్గా, సముద్రం పక్కన ఒక జీడితోటలో కాపలాదారుగా అసిరయ్య దొరికాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఉన్నాడు.

"పేరు మళ్లీ కొట్టేయడానికొచ్చావా బావా?"

"లేదు. అడగడానికొచ్చాను. కళ్లు మూస్తే నీకేటి కనిపిస్తాది?"

అన్నేళ్ల స్నేహంలో సుబేదారు ఆ ప్రశ్న వేయడం అదే మొదలు. అసిరయ్య చెప్పాడు. పొద్దు వాలేదాకా చెప్పాడు. సుబేదారు ఒక్క మాటకీ అడ్డు రాలేదు.

"డాక్టరమ్మ దగ్గరికి పోదామా?"

"వస్తాను. సంఘానికి మాత్రం రాను. నిద్ర పట్టేదాకా ఇంటికీ రాను. సూరమ్మ చెయ్యి చూసి తట్టుకోలేను."

ఆ రోజు నుంచి పదిహేను రోజులకోసారి సుబేదారు జీడితోటకి వెళ్లి, అతన్ని బస్సులో పట్నం తీసుకెళ్లేవాడు. మందు మళ్లీ మొదలైంది, కాని ఈసారి నిద్ర తొందరగా దారికి రాలేదు. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని సుబేదారు, తన చేతులతో పోగొట్టిన ఆ నెల్లాళ్ల నిద్ర తిరిగి రావాలని మనసులో మొక్కుకునేవాడు. తిరుగు బస్సులో అసిరయ్య కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకునేవాడు. నిద్రో, మగతో తెలిసేది కాదు. అయినా కుదుపులకి ఆ తల అద్దానికి తగలకుండా సుబేదారు తన అరచెయ్యి అడ్డం పెట్టేవాడు.

నీతి: తెలుసుకోకుండా తీర్పు చెప్పేవాడు మనిషిని పోగొట్టుకుంటాడు, గాయపడ్డవాణ్ణి ముందు అడగాలి, అతను చెప్పేది చివరిదాకా వినాలి.