బొంత ఎవరిది?

దివాణంలోని చెత్తంతా కుమ్మరివీధిలోనే పారబోసేవారు. ఆ వీధిలో ఉండే సింగమ్మ అందులోంచి చిరిగిన పట్టుగుడ్డలు ఏరి, ఉతికి, చలికి వణికే పిల్లల కోసం రంగురంగుల బొంత కుట్టింది. దానిమీద దివానుగారి కన్ను పడింది.

"గుడ్డలు దివాణానివి. బొంత ఇచ్చెయ్!" అన్నాడు.

"పారేసినవే కదా బాబూ?"

"పారేసినా మా సొత్తు మాదే!" అని నలుగురి ముందూ గద్దించాడు.

సింగమ్మకు ఒళ్లు మండింది. ఇంటింటికీ వెళ్లి ఆ మాట చెప్పింది. మర్నాడు పొద్దున్నే వీధి జనమంతా తట్టలతో వచ్చి, ఎంగిలాకులూ కుళ్లిన కూరలూ దివానుగారి వాకిట్లో గుమ్మరించారు.

"ఏమిటీ అఘాయిత్యం?" అని ముక్కు మూసుకుని అరిచాడాయన.

"తమరి సొత్తే బాబూ! ఇంకా పదేళ్లది ఉంది. రోజూ తెచ్చి అప్పగిస్తాం," అంది సింగమ్మ.

"వద్దు! పారేసింది మాది కాదు!"

"ఆ ముక్క అందరికీ వినబడేలా ఇంకోసారి అనండి," అంది సింగమ్మ, తట్ట దించకుండా.

దివాను అన్నాడు.