ఒడ్డు లేని తీర్పరి

అన్యాయం జరిగింది పీతలకు. జరిగిన రోజు వికారి నామ సంవత్సరం, భాద్రపద పౌర్ణమి. కథకంటే ముందే ఈ రెండు సంగతులూ చెప్పేస్తున్నాను. ఎందుకంటే బలహీనుడి తప్పుకు తిథి, వారం, నక్షత్రం అన్నీ రాసిపెడతారు. బలవంతుడి తప్పు దగ్గరికి వచ్చేసరికి, ఎప్పుడో ఏదో జరిగిందట అని ఊరుకుంటారు.

ఇక వినండి, పిల్లలూ, పెద్దలూ.

ఏ రాజు ఏలిన కాలమో ఎవరికీ తెలియదు గానీ, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఉప్పుటేరు ఉండేది. దాని చుట్టూ మడ అడవి. ఆ అడవిలో ఏడు ఒడ్లు, ఒక్కో ఒడ్డు ఒక్కో దేశం. మొసళ్ళు, నీటిపిల్లులు, తాబేళ్ళు నీటివాళ్ళు. నక్కలు, కొంగలు, ఉడుములు నేలవాళ్ళు. ఏడో ఒడ్డు పీతలది. వాళ్ళు నీటివాళ్ళా నేలవాళ్ళా అన్నది ఎంతకీ తేలలేదు. తేలే దాకా వాళ్ళకు ఓటు వద్దన్నారు పెద్దలు. ఆ మాట అని నూరేళ్ళయింది.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. గుడ్లు మోసే పీత తల్లి పున్నమికి సముద్రం పొంగే పోటు వేళ ఆ మొగ దాటి సముద్రంలోకి పోవాలి. పోతేనే పిల్లలు పుడతాయి. పోలేకపోతే గుడ్లు పొట్ట కిందే నల్లబడి రాలిపోతాయి.

ఆ భాద్రపద పౌర్ణమి పగటి పోటు వేళ మొసళ్ళ రాజు మహోదరుడు తన పరివారంతో వచ్చి మొగకు అడ్డంగా పడుకున్నాడు. ఏటిలోని చేప సముద్రంలోకి జారిపోకూడదు, అంతా తన పొట్టలోకే రావాలి. అదీ అతని ఆశ. మూడు వందల పన్నెండు మంది పీత తల్లులు పోటు తీసేదాకా కాచుకున్నారు. నీరు తీసింది. ఎండకు బురద కాగింది. సాయంత్రానికి వాళ్ళలో ఒక్కరూ కదల్లేదు.

చచ్చినవాళ్ళలో పీతల పెద్ద రేవులమ్మ చెల్లెలు ఉంది. ఆ తరువాత పదకొండు నెలలు మొగ మూసే ఉంది. ఇప్పుడు రేవులమ్మ పొట్ట కిందా గుడ్లున్నాయి. శ్రావణ పౌర్ణమికి ఆమె మొగ దాటాలి.

ఏటి నడుమ అయిదు రాళ్ళున్నాయి. అవి ఏ ఒడ్డువీ కావు. ఒడ్డుకూ ఒడ్డుకూ తగవు వస్తే ఆ రాళ్ళ మీద కూర్చున్న అయిదుగురు తీర్పరులు తీర్చాలి. దాన్ని ధర్మపీఠం అంటారు. రేవులమ్మ అక్కడ ఫిర్యాదు చేసింది. విచారణ మొదలైంది. ఇద్దరు తీర్పరులు పీతల వైపు, ఇద్దరు మొసలి వైపు. అయిదో తీర్పరి ముసలి కొంగ. ఏమీ తేల్చకుండానే కన్నుమూసింది.

ఇక అందరి చూపూ ఆ ఖాళీ రాయి మీదే.

ఆ రాయి ఎక్కడానికి పద్ధతి ఉంది. మొదట ప్రతి ఒడ్డూ పేర్లు పలకాలి. తనవాడి పేరు ముందు పలకకూడదు. ముందు పరాయి ఒడ్డువాళ్ళలో తగినవారి పేరు ఒకటి పలికి, ఆ తరువాతే తనవాడి పేరు పలకాలి. పరాయివాళ్ళలో కూడా మంచిని వెతకడం అందరూ నేర్చుకుంటారని పూర్వులు పెట్టిన నియమం అది. తరువాత నీటివాళ్ళు నీటి కుండలో, నేలవాళ్ళు నేల కుండలో గవ్వలు వేయాలి. రెండు కుండల్లోనూ ఎవరికి ఎక్కువ గవ్వలు పడితే వారిదే పీఠం.

శ్రావణ శుద్ధ తదియ నాడు అన్ని ఒడ్లవాళ్ళూ చేరారు. లేఖకుడు మందయ్య అనే నత్త. ఏది రాసినా తన జిగురుతోనే, తన నడకతోనే రాస్తాడు. అందుకే అతని రాతలో కొట్టివేతలుండవు.

మొదట మహోదరుడు లేచాడు. పరాయివాళ్ళలో గట్టివాడి పేరు పలికితే వాడే గెలిచి కూర్చుంటాడేమోనని అతని బెంగ. కాబట్టి ఎవరూ గవ్వ వేయని పేరు కావాలి. ఇలా అన్నాడు. "పరాయివాళ్ళలో బండమ్మ. మావాళ్ళలో నా బావమరిది తీక్ష్ణుడు."

సభంతా నవ్వింది. బండమ్మ ఒక ముసలి ఉడుము. ఏడేళ్ళ కిందట ఆమె మనవడు నక్కల బొరియలో దూరి పిల్లల్ని ఎత్తుకుపోతే, ఇదే పీఠం ముందుకు వచ్చి, "ఎత్తుకుపోయింది మావాడే, నేను చూశాను" అని సాక్ష్యం చెప్పింది. ఆ సాయంత్రమే ఉడుములు ఆమెను వెలివేశారు. అప్పటినుంచి నీటి మధ్య ఒక మొద్దు మీద ఒంటరిగా బతుకుతోంది. ఆమెకు ఒడ్డు లేదు. ఆమె కోసం ఎవరూ ఒక్క మాట అనరు.

తరువాత నక్కల మంత్రి మృదుభాషి లేచాడు. అతనికీ అదే బెంగ, అదే తెలివి. మొగ మూసినన్నాళ్ళూ ఒడ్డున చచ్చిపడే చేపలు నక్కలకు దక్కుతున్నాయి. ఖాళీ రాయి తనకు దక్కితే ఆ తీర్పును నచ్చిన ధరకు మొసలికే అమ్ముకోవచ్చు. "పరాయివాళ్ళలో బండమ్మ" అన్నాడు గౌరవంగా తల వంచి. "మావాళ్ళలో, సభవారు బలవంతపెడితే, నేను."

"ఎవరు బలవంతపెట్టారు బావా?" అంది పక్కనున్న నీటిపిల్లి.

"పెడతారులే, ఆగు."

నీటిపిల్లులూ బండమ్మే అన్నారు. తాబేళ్ళూ అదే అన్నారు. కొంగలూ అదే అన్నారు. ఎవరికి వారు తానే తెలివైనవాడిననుకున్నారు. ఉడుములు మాత్రం ఆ పేరు వినలేక చెవులు మూసుకుని మరో పేరు పలికారు. మందయ్య ప్రతిదీ రాసుకుంటూ పోయాడు.

చివరకు రేవులమ్మ ముందుకొచ్చింది. పీతలకు గవ్వ లేదు గానీ పేరు పలికే హక్కు మాత్రం మిగిలింది.

"పరాయివాళ్ళలో బండమ్మ" అందామె.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉడుము పీతల్ని తింటుంది. ఆ సంగతి పాలు తాగే నక్కపిల్లకు కూడా తెలుసు.

"పీత వదినా, గుడ్లు మోసి మోసి మతి పోయిందా?" అన్నాడు మృదుభాషి. "నిన్ను నమిలే నోటికి నీ తగవు అప్పగిస్తావా?"

"నమిలే నోరని తెలుసు" అంది రేవులమ్మ. "ఆ నోరు తనవాళ్ళ మీద కూడా నిజం చెప్పిందని కూడా తెలుసు. నీ నోరూ నములుతుందని తెలుసు. రెండో సగమే తెలియదు."

"మీవాళ్ళలో ఎవరు?" అని మందయ్య అడిగాడు.

"ఎవరూ లేరు. నా తగవుకు నావాడే తీర్పరి అయితే, ఆ తీర్పు నెగ్గినా నాకు నిద్రపట్టదు."

గవ్వలు వేశారు. నీటి కుండలో తీక్ష్ణుడిది పైచేయి. నేల కుండలో మృదుభాషిది పైచేయి. కుండలు కలవలేదు.

మళ్ళీ వేశారు. ఈసారికి ముందు మహోదరుడు కొంగల గూళ్ళకు బుట్టెడు చేపలు పంపాడు. కొంగలు చేపలు తిన్నారు, గవ్వ మాత్రం నక్కకే వేశారు. కుండలు కలవలేదు.

మూడోసారి మృదుభాషి తాబేళ్ళ దగ్గరికి వెళ్ళి, మీ గుడ్లున్న ఇసుకలో మా పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, జాగ్రత్త అని చల్లగా చెప్పాడు. తాబేళ్ళు బెదిరారు. బెదిరి తలలు డిప్పల్లోకి లాక్కున్నారు. తల లోపల ఉన్నవాడు గవ్వ ఎలా వేస్తాడు? కుండలు కలవలేదు.

అప్పుడు మందయ్య గొంతు సవరించుకున్నాడు. "పూర్వులు ఇంకో మాట రాశారు. ఎవరికీ అవసరం పడక ఎవరూ చదవలేదు. మూడుసార్లు వేసినా కుండలు కలవకపోతే, పరాయి ఒడ్లు ఎక్కువగా పలికిన పేరుకే పీఠం." అతను రాసినదంతా మొదటినుంచీ చదివాడు. "మొసళ్ళు, బండమ్మ. నక్కలు, బండమ్మ. నీటిపిల్లులు, బండమ్మ. తాబేళ్ళు, బండమ్మ. కొంగలు, బండమ్మ. పీతలు, బండమ్మ."

మహోదరుడు తోక నేలకేసి కొట్టాడు. ఎవరి నోటితో పలికిన పేరు వారే తప్పు అని ఎలా అంటారు?

పీఠం ఎక్కడానికి ఆమెకు మూడు రోజులు గడువిచ్చారు. ఆ మూడు రోజుల్లో బండమ్మ మొద్దు దగ్గరికి ముగ్గురు వచ్చారు.

మొదటి రోజు తీక్ష్ణుడు వచ్చాడు. నోట్లో పెద్ద పండుగప్ప చేప. "అవ్వా, వయసైపోయింది, వేటాడలేవు."

"అందుకే పీఠం మీద నిద్ర రాకుండా ఖాళీ కడుపుతో కూర్చుంటాను. తీసుకుపో" అంది బండమ్మ.

రెండో రోజు మృదుభాషి వచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు, మాటల్లోనే అంతా ఉంది. "నీ ఒడ్డు నిన్ను మళ్ళీ పిలిచేలా నేను చేస్తాను. నీ మనవడు నీ కాళ్ళకు మొక్కుతాడు. ఏడేళ్ళయింది గదా చూసి."

బండమ్మ తన పాత ఒడ్డు వైపు చూసింది. ఆ ఒక్కటే ఆమెకు కావలసింది. "ఏడేళ్ళా నాలుగు నెలలు" అంది. "ఇక వెళ్ళు నాయనా."

మూడో రోజు రేవులమ్మ వచ్చింది. చేతులు జోడించి, "అవ్వా, నా చెల్లెలు" అంటూ మొదలుపెట్టబోయింది.

"అక్కడే ఆగు" అంది బండమ్మ. "నీదే న్యాయం కావచ్చు. అయినా ఇక్కడికి రాకూడదు. మొసలిని తరిమిన మొద్దు మీద పీతకు చోటిస్తే, రేపు నేను చెప్పే మాటకు విలువుండదు. చెప్పదలచినది అందరి ముందు చెప్పు."

రేవులమ్మ వెనక్కి తిరిగింది. ఆమెకు కోపం వచ్చింది. సగం దారిలో ఆ కోపం పోయింది.

పీఠం ఎక్కేవారు తమ ఒడ్డు మట్టి కాళ్ళకు లేకుండా అందరి ముందూ కడుక్కుని ఎక్కాలి. ఆ రోజు వచ్చింది. మృదుభాషి అడ్డు తగిలాడు. "ఈమెకు ఒడ్డే లేదు. కడగడానికి మట్టి ఏది? మట్టి లేనివారికి పీఠం ఎలా ఇస్తారు?"

"నా ఒడ్డు నన్ను వదిలింది. నేను దాన్ని వదల్లేదు" అంది బండమ్మ. "కడగవలసింది ఉంది. నీళ్ళు పొయ్యండి."

ఆమె ఒక్కో గోరూ విడివిడిగా కడుక్కుంది. ఒడ్డున నిలబడ్డ ఉడుములు తలలు దించుకున్నారు. కడగడం అయ్యాక రేవులమ్మ వైపు తిరిగి, "నేను పీతల్ని తిన్నదాన్ని. అందరూ వినండి, దాచేది లేదు. ఈ రాయి మీద ఉన్నన్నాళ్ళూ తినను" అంది.

శ్రావణ శుద్ధ ఏకాదశి నాడు విచారణ. రేవులమ్మ చచ్చినవాళ్ళ పేర్లు చదివింది. మూడు వందల పన్నెండు పేర్లు. నాలుగో గడియకు గొంతు పోయింది. అయినా చదివింది. అయిదుగురు తీర్పరులూ చివరిదాకా విన్నారు.

మహోదరుడు ఆవులించి అన్నాడు. "మొగ మా నీళ్ళలో ఉంది. మా నీళ్ళలో మేము పడుకుంటాం. తప్పేమిటి?"

బండమ్మ అతన్ని మూడే ప్రశ్నలు అడిగింది.

"రాజా, నిన్ను మీ అమ్మ ఎక్కడ కన్నది?"

"ఇసుకదిబ్బ మీద."

"ఆ ఇసుకదిబ్బ ఎవరిది?"

"ఉడుములది."

"మీ అమ్మ గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు ఉడుములు అడ్డంగా పడుకున్నారా, దారి ఇచ్చారా?"

"ఇచ్చారు. తల్లికి దారి ఇవ్వడం ఏటి ఆచారం."

"రాసుకో మందయ్యా" అంది బండమ్మ. "ఆచారం సంగతి నేను చెప్పలేదు, రాజే చెప్పాడు."

ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు అయ్యారు. తీర్పు వచ్చింది. ఏ ఒడ్డు తల్లికైనా ఏ ఒడ్డు మీదుగానైనా గుడ్ల వేళ దారి ఉంది. పౌర్ణమి పగటి పోటుకు మొగ తెరవాలి.

మహోదరుడు తోక ఆడించాడు. "తెరవకపోతే? ఈ పీఠానికి పళ్ళున్నాయా, గోళ్ళున్నాయా?"

"లేవు" అంది బండమ్మ. "నీ మాట నీకే చెబుతున్నాం. ఆచారం లేదంటే ఎవరికీ లేదు. వచ్చే వేసవిలో ఇసుకదిబ్బా మూసే ఉంటుంది."

ఉడుములు ఏడేళ్ళలో మొదటిసారి ఆమె మాటకు తల ఊపారు.

మహోదరుడు ఇంకేదో అనబోతుంటే అతని వెనక నుంచి రాణి ముక్కుతో పొడిచింది. "వచ్చే వేసవికి నన్నెక్కడ పెట్టమంటారు గుడ్లు? మీ నెత్తి మీదా? లేవండి అక్కణ్ణుంచి."

పౌర్ణమి వచ్చింది. పగటి పోటు పొంగింది. మొగలో మొసలి లేదు. పీత తల్లులు ఒకరి వెనక ఒకరు దాటారు. అందరికంటే చివర రేవులమ్మ దాటింది. మొగ దగ్గర క్షణం ఆగి, చెల్లెలు ప్రాణం విడిచిన బురద వైపు చూసి, నీళ్ళలోకి దిగింది.

బండమ్మ చెప్పగా మందయ్య అయిదో రాయి మీద రాశాడు. నీటి కోతకు కూడా చెరగకుండా, సాయంత్రం దాకా రాశాడు. ఇదిగో ఆ రాత:

తీర్పరిని ఎన్నుకునేటప్పుడు మనవాడెవడని వెతకకండి, తనవాళ్ళ మీద కూడా నిజం చెప్పినవారెవరని వెతకండి. పీతలకు అన్యాయం జరిగింది వికారి నామ సంవత్సరం, భాద్రపద పౌర్ణమి. మొగ తెరిచింది శార్వరి నామ సంవత్సరం, శ్రావణ పౌర్ణమి, పగటి పోటు వేళ.