పుచ్చులేని వీణ బొమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వానలు మొదలయ్యాయంటే కచేరీలు ఆగిపోయేవి. నెత్తిన నీళ్లు కారుతుంటే చెట్టుకింద కూర్చుని పాట వినే ఓపిక ఎవరికుంటుంది? దసరా దాకా వాద్యగాళ్లకి పనుండేది కాదు. ఊరికే కూర్చోలేక వాళ్లు బొమ్మలు వేసుకునేవారు. ఎవరి వాద్యం బొమ్మ వాళ్లు వేసుకోవడం అక్కడి సరదా. పందెం లేదు, బహుమతి లేదు. చదును చేసిన బెరడు, కాస్త పసుపు, కాస్త ఎర్రమన్ను, నేరేడు పళ్ల రసం ఉంటే చాలు.

ఆ అడవిలో ఏకాంబరం అని ఒక కొండముచ్చు ఉండేవారు. కొండముచ్చుకి 'ఉండేవారు' ఏమిటని అడక్కండి. ఆయన వీణ విద్వాంసుడు. గారు అనకపోతే ఆయనకి కోపం వస్తుంది, మనకెందుకు గొడవ?

ఏకాంబరం గారి వీణ వాళ్ల తాతగారు పనస చెక్కతో చెక్కించింది. ముగ్గురు సింహరాజులు దాని నాదం విన్నారు. ఈ దసరాకి సింహరాజు ఆస్థాన విద్వాంసుణ్ణి ఎంచుకోబోతున్నాడు. ఆ పీఠం కోసం ఏకాంబరం గారు చిన్నప్పటి నుంచీ కలలు కంటున్నారు. కాబట్టి ఆ వీణే ఆయన ఆస్తి, ఆయన పరువు, నిజం చెప్పాలంటే ఆయన ప్రాణం.

ఆయన పక్కన ఘటం వాయించేది బక్కయ్య అనే ఎలుగుబంటి. పేరు పెట్టిన రోజున బక్కగానే ఉండేవాడేమో, నాకు తెలియదు. ఒక ముసురు రోజున ఇద్దరూ గుహలో కూర్చుని బొమ్మలు మొదలుపెట్టారు. కుంచెలకి వెంట్రుకలు బక్కయ్యే ఇచ్చాడు, తన ఒంటి మీంచి పీకి.

బక్కయ్య ఘటం బొమ్మ వేస్తే అది సొట్టపడ్డ గుమ్మడికాయలా వచ్చింది. దాన్ని చూసి తనే పొట్ట పట్టుకుని నవ్వుకున్నాడు. ఆ గుమ్మడికాయ మీద సన్నగా ఒక గీత కూడా ఉంది. అదేమిటని ఏకాంబరం గారు అడిగితే, ఘటం మీద కనిపించింది కాబట్టి గీశానన్నాడు. అన్నాక అనుమానం వచ్చింది. ఘటాన్ని వెలుతురులో పెట్టి గోటితో కొట్టి చూశాడు. పగిలిన కుండ చప్పుడు. మర్నాడే వాగు ఒడ్డున కుమ్మరిపురుగుల దగ్గరికి వెళ్లి కొత్త ఘటం చేయమని చెప్పి వచ్చాడు.

ఏకాంబరం గారికి జాలి వేసింది. కనపడ్డదల్లా గీసేస్తే అది బొమ్మ ఎలా అవుతుంది, పాపం వీడికి చెప్పేవాళ్లు లేరు అనుకున్నారు.

ఆయన బొమ్మ అలా కాదు. తీగలు ఏడూ తీగల్లాగే, మెట్లు ఇరవై నాలుగూ మెట్లలాగే కుదిరాయి. వీణ కుండ దగ్గరికి వచ్చేసరికి చెక్క మీద ఆవగింజంత చిల్లు కనిపించింది. దాన్ని కూడా వేద్దామని కుంచె ఎత్తారు. మళ్లీ ఆలోచించారు. చూసినవాళ్లు అది చిల్లు అనుకుంటారా, రంగు ఒలికిందనుకుంటారు. మన పనితనానికి మచ్చ కదా! చిల్లు మీదుగా చక్కగా రంగు పూసి ముందుకు వెళ్లిపోయారు.

వారం తర్వాత మళ్లీ కూర్చుంటే చిల్లులు మూడయ్యాయి. కింద సన్నగా చెక్కపిండి రాలి ఉంది. ఆయన పిండిని ఊదేసి, ఈసారి పసుపు కాస్త చిక్కగా కలిపారు. బొమ్మలో కుండ నిగనిగలాడింది. దాన్ని చూసి ఆయన మురిసిపోయారు. అన్యాయం మాటాడకూడదు, బొమ్మ నిజంగానే బాగుంది.

మూడోసారి వీణ చెక్క లోపలి నుంచి కరకరమని చప్పుడు వినిపించింది. స్వరజ్ఞానం ఉన్న చెవి కాబట్టి ఆ చప్పుడు ఏ శ్రుతిలో ఉందో కూడా ఆయనకి తెలిసిపోయింది. ఏమిటో మాత్రం తెలుసుకోవాలనిపించలేదు.

ఆ చప్పుడు ఇంకొకరి చెవిన కూడా పడింది. ఆమె పేరు చుక్కమ్మ, వడ్రంగిపిట్ట. చెక్కలో పురుగు ఎక్కడున్నా పట్టేస్తుంది, అది ఆమె వృత్తి, పైగా భోజనం. గుహలోకి వచ్చి వీణ మీద ముక్కుతో రెండు దెబ్బలు వేసి విన్నది.

"ఏకాంబరం గారూ, మీ వీణకి పుచ్చు పట్టింది. పది రోజులు నా దగ్గర ఉంచండి. పురుగులన్నీ తీసేసి మాసిక వేసి ఇస్తాను. దసరాకి ఇంకా నెల ఉంది, నాదం ఎక్కడికీ పోదు."

"మాసిక కనిపిస్తుందా?" అన్నారు ఏకాంబరం గారు.

"చింతగింజంత. కనిపిస్తుంది."

ఆయన వీణ వంక చూశారు. బొమ్మ వంక చూశారు. బొమ్మలో ఎక్కడా మాసిక లేదు. దసరా సభలో వీణ పక్కన ఈ బొమ్మ కూడా పెట్టాలని ఆయన అప్పటికే నిర్ణయించుకున్నారు. తీరా ఈ రెండూ ఒకలా లేకపోతే జనం ఏమనుకుంటారు?

"బొమ్మ పూర్తి కానీ చుక్కమ్మా. కచేరీ అయ్యాక నేనే తెచ్చిస్తాను," అన్నారు.

చుక్కమ్మ ఇంకో రెండుసార్లు చెప్పి చూసింది. బక్కయ్య కూడా బతిమాలాడు. ఆయన వినలేదు. చుక్కమ్మ ఆకలికే ఈ మాటలన్నీ చెబుతోందని కూడా అన్నారు. ఆ మాటకి ఆమె నొచ్చుకుని ఎగిరిపోయింది.

దసరా వచ్చింది. సభలో వీణ ఒక పక్క, బొమ్మ ఒక పక్క. జింకలు, నెమళ్లు, నక్కలు అన్నీ బొమ్మ చుట్టూ మూగి ఎంత బాగుందో అని చెప్పుకున్నాయి. ఏకాంబరం గారు వినయంగా తల వంచుకుని, చెవులు మాత్రం అటే పెట్టారు. తర్వాత వీణ ఒళ్లోకి తీసుకుని శ్రుతి సరిచేయడానికి బిరడ తిప్పారు. తీగ బిగిసింది. అంతే, కుండ ఫెళ్లున కూలిపోయింది. ఏడు తీగలూ జారిపోయాయి. ఒళ్లో మిగిలింది గుప్పెడు చెక్కపిండి. ముగ్గురు రాజులు విన్న వీణ ఒక్క స్వరం కూడా పలకకుండానే పోయింది. ఏకాంబరం గారు సభ అనైనా చూడకుండా ఏడ్చేశారు.

సింహరాజు కిందికి దిగి వచ్చి చెక్క ముక్క తిప్పి చూశాడు. అంతా జల్లెడ.

"ఇన్ని చిల్లులుంటే మీకు కనపడలేదా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పే ఓపిక కూడా ఆయనకి లేదు. "కనపడ్డాయి ప్రభూ. బొమ్మ పాడవుతుందని వదిలేశాను."

ఇక శిక్ష తప్పదని బక్కయ్య కళ్లు మూసుకున్నాడు. సింహరాజు మాత్రం బొమ్మ దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. ఆయనకి ఆ ఏడాదే ముందు పన్ను ఊడింది. జూలు కూడా పల్చబడింది. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"కంటికి కనపడ్డ పుచ్చుని బొమ్మలోకి రానివ్వని చెయ్యి మీది," అన్నాడు సింహరాజు. "అలాంటి చెయ్యి కోసమే నేను వెతుకుతున్నాను. ఈ రోజు నుంచి మీరు నా ఆస్థాన చిత్రకారులు. కాదనడానికి వీల్లేదు."

విద్వాంసుడి పీఠం ఆ సభలో కొత్త ఘటం వాయించిన బక్కయ్యకి దక్కింది. వాడు వద్దు వద్దంటూనే కూర్చున్నాడు.

అప్పటి నుంచి ఏకాంబరం గారు రోజూ పొద్దున్నే సింహరాజు బొమ్మ వేయాలి. పళ్లు అన్నీ ఉండాలి, జూలు ఒత్తుగా ఉండాలి. ఒకప్పుడు సరదాగా పట్టుకున్న కుంచెని చూస్తే ఇప్పుడు ఆయనకి ఒళ్లు మండుతుంది. పక్క మండపంలో బక్కయ్య ఘటం మొదలుపెట్టగానే ఆయన కుంచె కింద పెట్టేస్తారు. పొడుగాటి తోకని ఒళ్లోకి తీసుకుని దాని మీద వేళ్లు నడిపిస్తారు. ఒక్కో స్వరానికి వేలు ఎక్కడ ఆనాలో వేలికి ఇంకా తెలుసు. తోక మాత్రం పలకదు.

నీతి: కంటపడ్డ లోపాన్ని అప్పుడే బాగుచేసుకోవాలి. కప్పిపుచ్చడంలో నేర్పు సంపాదిస్తే, చివరికి ఆ పనే మన మెడకి చుట్టుకుంటుంది.