ఓబన్న పిడికిలి, నారపయ్య చెవి

ఒకానొక కొండసీమ రాజ్యాన్ని చండభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే కానీ, తన నోటి నుంచి వచ్చిందే వేదమనుకునేవాడు. ఆయన కొలువులో ఓబన్న అనే వస్తాదు ఉండేవాడు. తాటిమొద్దుల్లాంటి చేతులు, ఏనుగులాంటి ఒళ్ళు. ముష్టియుద్ధంలో ఓబన్న పిడికిలి ఒక్కసారి తగిలిందా, ఎదుటివాడు కళ్ళు తెరిచేది వైద్యుడి చాప మీదే. అలా పదిహేడు మందిని పడగొట్టాడు.

దాంతో రాజుకు గర్వం తలకెక్కింది.

"ఇంతటి పిడికిలి ఉండగా విద్యెందుకు? అడుగులు మార్చడం, ఒళ్ళు తప్పించడం, ఇవన్నీ బలం లేనివాళ్ళ బతుకుతెరువు" అంటూ సాము నేర్పే గరిడిని మూయించి, ముసలి గురువు చౌడప్పను ఇంటికి పంపేశాడు.

కానీ ఓబన్నకు తన సంగతి తెలుసు. గరిడిలో ఆ డెబ్బై ఏళ్ళ గురువు కాస్త పక్కకు ఒరిగితే చాలు, తన దెబ్బ గాలిలో కలిసిపోయేది.

ఇంతలో పొరుగు రాజు నుంచి కబురొచ్చింది. "మా మైలారి చేపలా జారిపోతాడు. మీ ఓబన్న వాణ్ణి తాకనైనా తాకగలడా?"

చండభూపతి మీసం మెలేశాడు. "మూడు నెలల్లో పోటీ! మావాడు ఓడితే సరిహద్దులో ఏడూళ్ళు మీవే!"

ఆ ఏడింటిలో ఒకటి ఓబన్న పుట్టినూరు. ఆ రోజు నుంచి అతనికి ముద్ద దిగలేదు. చివరికి మణికట్టు బెణికిందన్న వంకతో నారపయ్య ఇంటికి వెళ్ళాడు. నారపయ్య ఆస్థానంలో ఎముకలు కట్టే వైద్యుడు. ఆయన చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత వాడి.

"తాతా, నా దగ్గరున్నది ఒక్క దెబ్బే. అది తగలకపోతే రెండోది నాకు రాదు" అన్నాడు ఓబన్న తల వంచుకుని.

"ఆ మాట రాజుగారితో అనకపోయావా?"

"అంటే పిరికివాణ్ణంటారు."

నారపయ్య బాగానే ఉన్న ఆ మణికట్టుకు నూనె రాస్తూ కాసేపు ఆలోచించాడు. "రేపు కొలువులో నేను చెప్పినట్టు చెయ్. కానీ నిజంగా కొట్టేవు సుమా! నా ఎముకలు కట్టడానికి ఈ ఊళ్ళో ఇంకో వైద్యుడు లేడు."

మర్నాడు నిండుకొలువులో నారపయ్య లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! ఒక్క దెబ్బతో ఓబన్న నన్ను పడగొడితే నా మాన్యం మీకు రాసిస్తాను. పడగొట్టలేకపోతే నా కోరిక ఒకటి తీర్చాలి. తమరే దగ్గరుండి తీర్పు చెప్పాలి."

రాజు నవ్వుతూ సింహాసనం దిగి వచ్చాడు. నారపయ్య నెమ్మదిగా నడిచి వెళ్ళి రాజుగారి భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. ఓబన్న పిడికిలి ఎత్తాడు. రాజు ఎడమకు జరిగాడు. నారపయ్యా జరిగాడు. రాజు కుడికి జరిగాడు. నారపయ్య కూడా.

"కొట్టవయ్యా ఓబన్నా! నా ఎడమ చెవికి గురిపెట్టు!"

ఆ చెవికి జానెడు దూరంలో ఉన్నది రాజుగారి ముక్కు.

"ఆగరా! ఆగు!" అని రాజు కేక పెట్టాడు.

"ఏం ప్రభూ?"

"గురి తప్పితే నాకు తగులుతుందయ్యా!"

"పిడికిలి ఉంటే చాలు, విద్య అక్కర్లేదని ప్రభువులే కదా సెలవిచ్చారు! ఓబన్న బలం మీద తమకు ఎంత నమ్మకమో నాకూ అంతే. వాడి గురి మీద తమకెంత భయమో, నాకూ అంతే."

ఎత్తిన చెయ్యి దించాలో వద్దో తెలియక ఓబన్న చెమటలు కక్కుతున్నాడు. రాజు ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"దించరా ఆ చెయ్యి! నారపయ్యా, ఏమిటి నీ కోరిక?"

"చౌడప్ప గురువు ప్రభూ."

రాజు మాట తప్పలేదు. సాయంత్రానికల్లా గరిడి తలుపులు తెరుచుకున్నాయి. చౌడప్ప వచ్చీ రాగానే ఓబన్న కుడిచేతిని నడుముకు కట్టేశాడు. నెలరోజులు ఒక్క దెబ్బ కొట్టనివ్వలేదు, ఉత్త నడకే. "ఎద్దులా కాదురా, పిల్లిలా!" అని తిట్టేవాడు. ఓబన్నకు ఆ తిట్లు పాలబువ్వలా ఉండేవి.

పోటీ రోజు మైలారి నిజంగానే చేపలా జారాడు. ఓబన్న పెదవి చిట్లి నెత్తురు కారింది. మునుపైతే కళ్ళు మూసుకుని కలబడేవాడే. ఇప్పుడు కొట్టలేదు. ఒక్కో అడుగే వేస్తూ, దారులు మూస్తూ, అతన్ని గోదా మూలకు తోసుకెళ్ళాడు. జారడానికి చోటు లేనప్పుడు, ఒకే ఒక్క దెబ్బ!

జనం హోరెత్తారు. నారపయ్య మాత్రం పడిపోయిన మైలారి దగ్గరకు పరుగెత్తి, తొలగిన దవడ సరిచెయ్యడం మొదలుపెట్టాడు. ఓబన్న కూడా వెళ్ళి, మైలారి తలను తన రెండు చేతుల్లో పదిలంగా పట్టుకున్నాడు.

"ఏమయ్యా, గెలుపు మనకిప్పించి వైద్యం వాళ్ళకు చేస్తున్నావా?" అన్నాడు రాజు.

"ఏం చెయ్యను ప్రభూ! చౌడప్ప వచ్చాక మనవాడి ఎముక ఒక్కటీ తొలగడం లేదు. నా వృత్తి బతకొద్దూ!"

చండభూపతి పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి నారపయ్య మెడలో వేశాడు. చౌడప్పకు గరిడి పక్కనే ఇల్లు కట్టించాడు. "నీకేం కావాలిరా?" అని ఓబన్నను అడిగాడు.

ఓబన్న మొదట గురువు కాళ్ళకు, తర్వాత నారపయ్య కాళ్ళకు మొక్కాడు.

"నాకు అన్నీ ముట్టాయి దొరా" అన్నాడు.