దొంగలను మాత్రమే కరిచే కుక్క

చంద్రవంక రాజ్యంలో ప్రజల విహారం కోసం రాజుగారు తెరిపించిన ఉద్యానవనంలో, దండనాయకుడు రణధీరప్ప తన వేటకుక్కను గొలుసు లేకుండా వదిలేవాడు. అది ఎవరి పిక్క పట్టుకున్నా ఆయన జవాబు ఒక్కటే: "నా శార్దూలం దొంగలను తప్ప కరవదు." కరిపించుకున్నవారు ఆ నిందకు జడిసి, కుంటుకుంటూ ఇళ్లకు పోయేవారు.

ఒకనాడు అది మజ్జిగ అమ్మే నూకమ్మను కరిచింది. ఆమె మాత్రం తిన్నగా రాజసభకు వెళ్లి మొరపెట్టుకుంది.

కుక్కను వెంటబెట్టుకొచ్చిన దండనాయకుడు, "మహాప్రభూ, శార్దూలం కరిచిందంటే ఈమె దొంగే. కొరడా దెబ్బలు వేయించండి" అన్నాడు.

నూకమ్మ చూపు ఆయన చేతిలోని గొలుసు మీదే నిలిచింది. తోటలో ఏనాడూ కనబడనిది సభలోకి ఎలా వచ్చిందా అని ఆమెకు వింతగా తోచింది.

"దొంగల్ని తప్ప కరవదంటిరి గదా బాబూ! మరి ఇక్కడ గొలుసెందుకు? వదిలెయ్యండి."

దండనాయకుడు గొలుసును చేతికి మరో చుట్టు చుట్టుకున్నాడు. మంత్రులు కాళ్లు పైకి లాక్కుని ఆసనాల మీద బాసింపట్టు వేశారు.

రాజుగారికి కుతూహలం కలిగింది. "మా సభలో నీకు ఎవరి మీదయ్యా అనుమానం?"

"రామ రామ! ఎవరి మీదా లేదు ప్రభూ. ఎంతైనా కుక్క కదా, ఎవరినైనా..." అంటూనే రణధీరప్ప నాలుక కరుచుకున్నాడు.

"అయితే తోటలోనూ గొలుసు నీ చేతిలోనే ఉండాలి. ఈమె గాయం మానేదాకా మజ్జిగ కుండ నువ్వే మోయాలి" అన్నారు రాజుగారు.

మర్నాడు దాహం లేనివారు కూడా మజ్జిగ కోసం వీధుల్లో బారులు తీరారు.