దివానుగారి చెక్క అరుగు

చంద్రగుట్టను రాజులేలే రోజుల్లో దివాను భుజంగరావుకు మేడ గాలి చాలదనిపించింది. పెరటి గోడలోంచి దూలాలు చాచి, కుమ్మరి వీధి పైన పెద్ద చెక్క అరుగు వేయించుకోవాలనుకున్నాడు. వడ్రంగులు వచ్చి కొలతలు తీసుకున్నారు.

అది చూసి కుమ్మరి పోలమ్మకు గుండె జారిపోయింది. అరుగు పడితే వీధిలో ఎండ ఉండదు. ఎండ లేకపోతే పచ్చి కుండలు ఆరవు. వెళ్లి దివానుగారికి మొర పెట్టుకుంది.

“నీ నేల అంగుళం కూడా నాకక్కర్లేదు. నేల మీ కుమ్మరివాళ్లది, పైనున్నదంతా నాది. ఎవరి చోట వాళ్లు ఏం చేసుకున్నా రెండోవాళ్లు అడగకూడదు,” అన్నాడాయన.

“ఆ మాటే రాసివ్వండి బాబూ,” అంది పోలమ్మ. ఆయన నవ్వుతూ రాసి ముద్ర వేశాడు.

మర్నాడు దివాను కిటికీ దగ్గర నిలబడి వడ్రంగికి దూలాల చోటు చూపిస్తుంటే దట్టంగా పొగ కమ్మేసింది. కింద పోలమ్మ ఊక రాజేసి, చుట్టూ పచ్చి కుండలు పేర్చింది.

“ఏమిటే ఇది?” అన్నాడు దగ్గుతూ.

“అరుగు పడ్డాక కుండలు ఇలాగే ఆరబెట్టుకోవాలి కదా బాబూ. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాను.”

“పొగంతా నా మీదికొస్తోంది.”

“నేల మీద ఉన్నంతసేపే అది నా పొగ బాబూ. పైకొచ్చాక మీదే. మీరు రాసిచ్చాక, మీ చోట ఉన్నదాని సంగతి నేనెలా అడిగేది?”

దివాను కాసేపు కళ్లు తుడుచుకుని, “అరుగు తోటవైపు వెయ్యి,” అన్నాడు వడ్రంగితో.

పోలమ్మ కడివెడు నీళ్లతో మంట ఆర్పింది. రెండు రోజులుగా సయించని అన్నం ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని, ఎండలో ఆరుతున్న కుండల పక్కనే కునుకు తీసింది.