ఊపిరమ్మ కోట కావలివాళ్లు

ఒక కోట ఉండేదండి. దానికి ఒకటే దారి, మట్టిగోడల మధ్య సన్నటి సొరంగం. లోపల రాణి ఊపిరమ్మ. ఆవిడకి అన్నమైనా నీళ్లైనా ఆ దేవుడు పంపే గాలే. అది ఆ సొరంగంలోంచే రావాలి.

సొరంగం పొడవునా కావలివాళ్లు. అందరి చేతుల్లోనూ కారం నీళ్ల కుండలు. మంచివాళ్లే తల్లీ, రాణి కోసం ప్రాణమిచ్చే రకం. నిజం దొంగల్ని ఎందర్నో తరిమారు కూడా.

ఒక వసంతంలో ఒళ్లంతా పుప్పొడి అంటిన బాటసారి గాలితోపాటు లోపలికొచ్చాడు. ఎవర్నీ ఏమీ అనలేదు, వచ్చిన దారినే పోయాడు. కానీ కోటలో ముద్రలు చెక్కే ముసలాయనకి ఆ వాలకం నచ్చలేదు. ఆ మొహాన్ని బిళ్లల మీద చెక్కి కావలివాళ్ల మెళ్లో తలా ఒకటి వేశాడు. ఈ మొహం మళ్లీ కనిపిస్తే ఆలోచించొద్దన్నాడు. ఆయన మాట కాదనే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

మరుసటి వసంతంలో బాటసారి మళ్లీ వచ్చాడు. మొదటి కావలివాడు బిళ్ల చూశాడు, మొహం చూశాడు, కుండ ఎత్తాడు.

"నేనేం చేశాను బాబూ?"

"చేసేదాకా ఊరుకోడానికి నీకు మేమేం మేనమామలమా?"

వాడి కేక వినగానే వరసగా కుండలన్నీ ఒలికాయి. బాటసారి మొదటి కుండకే కొట్టుకుపోయాడు. అది ఎవరూ గమనించలేదు. వెనక పేటలోంచి సాయం దళం పరుగెత్తుకొచ్చింది. శత్రువెక్కడని అడక్కుండానే తెచ్చిన కుండలన్నీ కుమ్మరించింది. మట్టిగోడలు నాని ఉబ్బాయి. మనిషి పట్టే దారి చెయ్యంత అయింది, ఆనక వేలంత అయింది. ఆ సందులోంచి గాలి ఈల వేస్తూ దూరుతుంటే, మన గెలుపుకి కొమ్ము ఊదుతున్నారని ఒకడు నవ్వాడు.

చాలు అని చెప్పడానికే ఆ కోటలో ఒక అవ్వ ఉండేది. ఆవిడ పని అదే. గోడ పట్టుకుని వచ్చి చెప్పింది, మళ్లీ చెప్పింది. తడుస్తావే అవ్వా, పక్కకి జరుగు అని ప్రేమగానే నెట్టేశారు.

లోపల ఊపిరమ్మ పెదాలు నీలంగా మారుతున్నాయి. దళనాయకుడు తడిసిన మీసం తుడుచుకుంటూ ఆవిడ గుమ్మం ముందు వంగి నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్కణ్ణీ లోపలికి రానివ్వలేదు. ఇంకా పొయ్యమంటారా?"

వద్దనాలి ఆవిడ. ఆ ఒక్క మాటకీ గాలి కావాలి కదండీ. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఎలాగో వణుకుతూ, ఆపమని అరచెయ్యి పైకెత్తింది.

నాయకుడి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ చేతికి దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాడు.

"కుండలు నింపండిరా. అమ్మ దీవించింది."